మానిటర్ల గీత పడ్డదా? పైసలు పెట్టే ముందు పది నిమిషాలు ఆగుర్రి

సిద్దిపేటల మీసేవ నడిపేటోళ్లకు, జిరాక్స్ సెంటర్లోళ్లకు, ఇంట్ల కూసొని ఆన్‌లైన్ల చదువుకునే పిల్లలకు ఏదో ఒకనాడు ఈ పరేషాన్ తప్పదు. పొద్దున కంప్యూటర్ ఆన్ జేస్తే స్క్రీన్ మీద వెంట్రుకంత సన్న గీత కానొస్తది. తెల్ల పేజీ మీద కొట్టొచ్చినట్టు ఉంటది, నల్ల బొమ్మ మీద మాయమైతది. దుకాణానికి తీస్కపోతే చానాసార్లు ఒక్కటే మాట: "ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కో." ఆ మాట నిజం కావొచ్చు, కాకపోవచ్చు. గీత అద్దంల ఉన్నదా, వైరు కెళ్లి వస్తున్నదా, కరెంటు కెళ్లి వస్తున్నదా అన్నది మాత్రం ఇంట్లనే తెల్సుకోవచ్చు. స్క్రూడ్రైవర్ గూడ అక్కర్లేదు.

మానిటర్ కింద బటన్ ఒత్తితే బ్రైట్‌నెస్ తగ్గించే మెనూ వస్తది గదా. ఆ మెనూ కంప్యూటర్ పంపేది కాదు, మానిటర్ లోపలి బోర్డే దాన్ని గీస్తది. మెనూను జరిపి గీత మీదికి తేవాలె. చానా మానిటర్లల దాని జాగ మార్చే సెట్టింగ్ ఉంటది. గీత మెనూ మీద గూడ కానొస్తే తప్పు మానిటర్ లోపలనే ఉన్నట్టు. మెనూ కింద గీత దాక్కుంటే మానిటర్ మంచిగనే ఉన్నది, వైరునో కంప్యూటర్‌నో చూడాలె. అన్ని పరీక్షలల్ల దీని మీదనే నాకు భరోసా ఎక్కువ.

స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపి చూడుమని కొందరు చెప్తరు. అదీ మంచిదే, కాని సగమే చెప్తది. ఫోన్ల గూడ గీత కానొస్తే తప్పు కంప్యూటర్ల ఉన్నది. కానరాకపోతే మాత్రం ప్యానెలే పోయిందనుకోవద్దు, వైరు గూడ కావొచ్చు. వైరు మార్చి, ఇంకో లాప్‌టాప్‌కు తగిలించి చూసినంక గాని మాట తేలదు.

లోపల ఏమైతదో తెల్వాలంటే మన గొల్లభామ చీర నేసే మగ్గాన్ని యాది చేస్కోవాలె. మగ్గం మీద నిలువుగ పడుగు ఉంటది, అడ్డంగ పేక ఉంటది. ఎల్‌సీడీ అద్దంల గూడ గట్లనే నిలువుగ, అడ్డంగ కంటికి కానరాని సన్న తీగలుంటయి. ఫుల్ హెచ్‌డీ మానిటర్ల నిలువు వరుసలు 1920. ఒక్కో వరుసల ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులు. అంటే 5760 నిలువు తీగలన్నట్టు. అడ్డం వరుసలు 1080. పడుగుల ఒక్క పోగు తెగితే చీర పొడుగునా ఎట్ల గీత పడ్తదో, ఇక్కడ ఒక్క తీగకు సిగ్నల్ అందకపోతే పై నుంచి కింది దాక గట్లనే పడ్తది. తెల్ల పేజీ మీద ఆకుపచ్చ పోగు ఒక్కటే చీకటైతే గీత గులాబి రంగుల కానొస్తది.

తీగ తెగుడు తక్కువ, అతుకు ఊడుడు ఎక్కువ. అద్దం అంచున సన్నటి ఫిల్మ్ ముక్కలు జిగురుతోని అతికి ఉంటయి, సిగ్నల్ వాటి నుంచే లోపలికి పోతది. ఏండ్ల తరబడి వేడికి ఆ అతుకు సడలుతది. చల్లగున్నప్పుడు గీత వచ్చి, గంట నడిచినంక పోయిందంటే అనుమానం ఈ అతుకు మీదనే. దాన్ని మల్ల అతికించాలంటే వేడితోని ఒత్తే ప్రత్యేకమైన మిషన్ కావాలె. హీట్ గన్ పట్టి బాగుజేస్తమనేటోళ్లను ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తరో ముందుగాల అడుగుర్రి.

గీత ఒక్క జాగల నిలవకుండ, మబ్బు నీడ లెక్క కిందికో మీదికో పాకుతుంటే కథ వేరే. పాత వీజీఏ వైరున్న కాడ ఇది ఎక్కువ. వైరు చివర 15 పిన్నులుంటయి, ఒకటి వంగినా, స్క్రూలు వదులైనా బొమ్మ పాడైతది. అది సరిగ్గనే ఉంటే ఎర్తింగ్ చూడాలె. లాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే నీడ పోయిందా? అయితే తప్పు మానిటర్‌ది కాదు, ఇంటి కరెంటుది. మానిటర్, కంప్యూటర్ రెండిటినీ ఒక్కటే బోర్డుకు పెట్టి చూడుర్రి. బొగ్గు, ఉప్పు ఏసి తీసిన ఎర్త్ గుంత ఎండకాలం ఎండిపోతది, దాంట్ల నీళ్లు పోసేటోళ్లు ఎందరు? నీడ పోతదని మూడో పిన్ను ఇరగ్గొట్టే తెలివి మాత్రం వద్దు, షాక్ కొడ్తది.

పొద్దస్తమానం ఒక్కటే పేజీ తెరిచి పెట్టే సెంటర్లల ఇంకో రకం గీత ఉంటది. కింది పట్టీ అంచు నీడ లెక్క మిగిలిపోతది. ఎల్‌సీడీ అయితే రాత్రంత బంద్ వెడ్తే చానా మట్టుకు పోతది. ఇక పాత డబ్బా మానిటర్ల ముచ్చట. సోనీ 1968ల తెచ్చిన ట్రినిట్రాన్ ట్యూబులల్ల అడ్డంగ ఒకటో రెండో సన్న నీడలు కొత్తగున్నప్పటి నుంచే ఉంటుండె. లోపలి జాలీ ఊగకుండ కట్టిన తీగల నీడలవి. తప్పు కాదు, దాని పుట్టుకే అంత.

తప్పు లోపలనే అని తేలితే బిల్లు తీసి వారంటీ తారీఖు చూడుర్రి. గీత మెనూ మీదికెళ్లి పోతున్న ఫోటో తీసి పెట్టుకోవాలె. "మీరే దెబ్బ తలిగిచ్చిన్రు" అంటే అదే పనికొస్తది. దెబ్బ తలిగితే ఒక్క కాడి నుంచి సాలెగూడు లెక్క పగుళ్లు, సిరా ఒలికినట్టు మచ్చ ఉంటయి, ఒక్క సన్నటి నిటారు గీత ఉండదు. అయినా వినకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్న కాడికే పోవాల్సిన పని లేదు, మనమున్న కాడి జిల్లా కమిషన్‌ల రెండేండ్ల లోపల కేసు ఏసుకోవచ్చు. అయిదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు.

వారంటీ అయిపోయి, గీత ఒక మూలకు ఉంటే గట్లనే వాడుకోవడమే మేలు. ప్యానెల్ మార్చే ఖర్చుకు కొంచెం కలిపితే కొత్తదే వస్తది. రిపేరుకే పోవాలనుకుంటే, 2023 అక్టోబర్ల రైలొచ్చింది కాబట్టి సికింద్రాబాద్ దాక బస్సు కుదుపులు తప్పినయి. ఏదెక్కినా మానిటర్‌ను పండవెట్టొద్దు, నిలవెట్టి అద్దం మీద ఏమీ ఒత్తకుండ దుప్పటి చుట్టి తీస్కపోవాలె.