ముద్రిత జర్నళ్ల ఉమ్మడి నిల్వ

విశ్వవిద్యాలయాల లైబ్రరీలు తమ దగ్గరున్న పాత జర్నళ్ల సంపుటాలను ఎవరికి వారుగా కాక, ఒప్పందం రాసుకుని ఉమ్మడిగా కాపాడుతూ పంచుకునే ఏర్పాటు ఇది. కాగితం మీద మమకారంతో పుట్టింది కాదు, చోటు చాలక పుట్టింది. ఏ జర్నల్‌ను ఎవరు, ఎన్నేళ్లు ఉంచుతారన్న హామీయే దీనికి ప్రాణం. ఆ హామీ ఉంటేనే మిగతావాళ్లు తమ ప్రతిని ధైర్యంగా వదిలించుకోగలరు.

అమెరికాలో బోస్టన్ ప్రాంతపు లైబ్రరీలు 1942లో న్యూ ఇంగ్లండ్ డిపాజిట్ లైబ్రరీ పేరుతో ఒక ఉమ్మడి గిడ్డంగి తెరిచాయి. కప్పు ఒక్కటే గానీ ఎవరి పుస్తకాలు వాళ్లవే. రెండేళ్లకు వెస్లియన్ విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ ఫ్రెమాంట్ రైడర్, పరిశోధన గ్రంథాలయాలు సగటున 16 ఏళ్లకోసారి రెట్టింపవుతున్నాయని లెక్కగట్టారు. ఆ లెక్కను తర్వాతివాళ్లు తప్పుపట్టారు కానీ, అప్పటికే భయం పట్టుకుంది. 1949లో మధ్య పశ్చిమ ప్రాంత విశ్వవిద్యాలయాలు చికాగోలో మిడ్‌వెస్ట్ ఇంటర్ లైబ్రరీ సెంటర్ స్థాపించి మరో అడుగు ముందుకు వేశాయి. అక్కడికి చేరినవి చాలావరకు ఉమ్మడి సొత్తయ్యాయి. 1956 నుంచి ఆ కేంద్రం, కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ అనే సారాంశాల పత్రికలో ప్రస్తావన వస్తున్నా దేశంలో పెద్దగా దొరకని జర్నళ్లకు తానే చందా కట్టడం మొదలుపెట్టింది. 1965లో సెంటర్ ఫర్ రీసెర్చ్ లైబ్రరీస్‌గా పేరు మారింది.

బ్రిటన్ దారి వేరు. యార్క్‌షైర్‌లోని బోస్టన్ స్పా దగ్గర, యుద్ధకాలపు ఆయుధ కర్మాగారం ఉన్న స్థలంలో, డొనాల్డ్ అర్కహార్ట్ 1962లో సైన్స్ జర్నళ్ల జాతీయ అరువు లైబ్రరీని ప్రారంభించారు. చదువరులు అక్కడికి రానక్కర్లేకుండా, కావలసింది తపాలాలో వెళ్లేది. 1973లో అది బ్రిటిష్ లైబ్రరీలో భాగమైంది.

అసలు మలుపు 1995లో, పాత జర్నళ్లను డిజిటల్ రూపంలో అందించే జేస్టోర్‌తో వచ్చింది. మెలన్ ఫౌండేషన్ అధ్యక్షుడు విలియం బోవెన్ ఆ ఆలోచన చేసిందే లైబ్రరీలకు అరలు ఖాళీ చేసిపెట్టడానికి. పాత సంచికలు తెరమీద దొరికితే బైండు సంపుటాలు ఎందుకన్న ప్రశ్న వచ్చింది. అందరూ ఒకేసారి పారేస్తే? స్కానింగ్‌లో ఒక పేజీ జారిపోయినా, రంగుల చిత్రం మసకగా వచ్చినా సరిచూసుకోవడానికి కాగితమే ఆధారం. అందుకే జేస్టోర్ జర్నళ్ల అచ్చు ప్రతులకు ప్రత్యేక భాండారాలు ఏర్పడ్డాయి. అచ్చును పక్కన పెట్టించిన డిజిటలే అచ్చు ప్రతుల భద్రతకు కారణం కావడం ఈ చరిత్రలోని విచిత్రం.

ఈ ఏర్పాటును ఒక దేశం మొత్తానికి పకడ్బందీగా అమలుచేసిన ఉదాహరణ యూకే రీసెర్చ్ రిజర్వ్. ఇంపీరియల్ కాలేజ్ లండన్ ముందుండి నడిపిన ఈ పథకం 2007లో ప్రయోగాత్మకంగా మొదలై, 2009లో విస్తరించింది. సభ్య లైబ్రరీ తాను తీసేయదలచిన సంపుటాల జాబితా పంపేది. బ్రిటిష్ లైబ్రరీలో ఒక ప్రతి, సభ్యుల దగ్గర మరో రెండు ఉన్నాయని తేలితేనే పారేయడానికి అనుమతి దొరికేది. బ్రిటిష్ లైబ్రరీ వరుసలో సంచిక లేకపోతే వదులుకునేవాళ్ల ప్రతి అక్కడికి వెళ్లేది. 100 కిలోమీటర్ల పొడవున అరలు ఖాళీ చేయాలన్నది లక్ష్యం.

అమెరికా పశ్చిమ రాష్ట్రాల వెస్ట్ కూటమి జర్నళ్లను ప్రమాద స్థాయిని బట్టి కంచు, వెండి, బంగారం అని విభజించింది. డిజిటల్ ప్రతి భద్రంగా ఉన్నవి కంచు. వాటిని ఉన్నచోటే వదిలేస్తారు. అచ్చులో తప్ప ఎక్కడా లేనివి బంగారం; వాటిలో ప్రతి సంచికా ఉందో లేదో విప్పి చూస్తారు. ఇది విసుగు పుట్టించే పని. పాత బైండర్లు అట్టలు, ప్రకటనల పేజీలు పీకేసి కుట్టేవారు. కేటలాగులో వరుస పూర్తిగా ఉన్నట్టు కనిపించే జర్నల్‌లో సంపుటి తెరిస్తే ఒక సంచిక ఉండదు, లేదా మధ్య పేజీలు ఎవరో కోసుకుపోయి ఉంటారు. చూసి నిర్ధారించుకున్నాక, కేటలాగులోని మార్క్ రికార్డులో (కంప్యూటర్ చదవగల నమోదులో) 583 అనే గడిలో హామీని నమోదు చేస్తారు. నా దృష్టిలో ఈ ఉద్యమం సాధించిన అతి పెద్ద విజయం ఆ చిన్న గడే. భవనం ఎవరైనా కట్టగలరు.

భవనాలకూ చరిత్ర ఉంది. హార్వర్డ్ 1986లో మొదలుపెట్టిన పద్ధతిలో పుస్తకాలను విషయం బట్టి కాక సైజు బట్టి ట్రేలలో పేర్చి, బార్‌కోడ్‌తో వెతుకుతారు. మసాచుసెట్స్‌లోని అయిదు కళాశాలలు ప్రచ్ఛన్న యుద్ధ కాలపు సైనిక బంకర్‌లో తమ ఉమ్మడి నిల్వ పెట్టుకున్నాయి.

భారతదేశంలో సహకారం ఎక్కువగా ఉమ్మడి జాబితాలు, నకళ్ల సరఫరా, ఆ తర్వాత డిజిటల్ చందాల రూపంలో సాగింది. 1952లో ఏర్పడిన శాస్త్ర సమాచార కేంద్రం ఇన్స్‌డాక్ సైన్స్ జర్నళ్ల జాతీయ ఉమ్మడి జాబితా తయారుచేసింది. 1981లో ఖగోళ శాస్త్ర సంస్థల లైబ్రరీలు ఫోర్సా అనే వేదికగా జతకట్టాయి. హైదరాబాదుకు సంబంధించిన ఉదంతం మరొకటి ఉంది. అమెరికా విశ్వవిద్యాలయాలు కలిసి కొన్న ఉర్దూ పుస్తకాలను, పత్రికలను నగరంలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనే ఉంచాయి. 2000 ఆగస్టు వరదలో ఆ సేకరణ నీట మునిగింది. నిల్వ ఒక్కచోటే ఉంటే వచ్చే చిక్కు ఇదే. బ్రిటన్‌లో మూడు ప్రతులకు పట్టుబట్టడం ఇలాంటి ప్రమాదాలను ఊహించే.

హామీలకూ గడువుంటుంది. వెస్ట్ తొలి విడత సంపుటాలకు 25 ఏళ్ల మాట ఇచ్చింది, అది 2035తో తీరుతుంది.