కుందేలు గీచిన గీత: చాందాకోట గోడవెంట ఆదివారపు నడక

ఒక ఊరిలో ఎన్ని సంవత్సరములు కాపురమున్నను, దాని ఎల్లలవెంట ఒక్కమారైనను కాలినడకను తిరుగనివారికి ఆ ఊరు తెలిసినదని చెప్పుట కష్టము. ద్వీపములందు నివసించువారు సెలవుదినములలో సముద్రతీరమువెంట తీరికగా నడచి, తమ నేల ఎంతవరకు కలదో కాళ్ళతో కొలుచుకొందురు. మన చంద్రపురమునకు సముద్రము లేదు. కాని పడమట ఇరయీ నదియు, తూర్పున ఝర్పట్ నదియు ప్రవహించి, దక్షిణమున సంగమించుటచే పాత పట్టణము నీటి నడుమనున్న నేలవలెనే యున్నది. ఆ నేలను చుట్టివచ్చునది గోండురాజుల కోటగోడ. పాత గెజిటీరు దీని చుట్టుకొలతను ఐదున్నర మైళ్ళుగా లెక్కించినది. నెమ్మదిగా చూచుచు నడచువారికి రెండు ఆదివారముల పని.

ఈ గోడ పుట్టుకను గూర్చి ఒక కథ కలదు. 15వ శతాబ్దమున ఖాండక్యా బల్లాళశాహ అను గోండురాజు వర్ధానది యొడ్డున నేటి బల్లార్షాలో ఉండి రాజ్యమేలుచుండెను. ఆయన దేహమంతయు వ్రణములతో బాధపడుచుండెను. ఒకనాడు వేటకు వచ్చి దాహముగొని, ఎండిన ఝర్పట్ గర్భములో ఒక గుంటయందు ఊరుచున్న నీటితో ముఖము కడుగుకొనగా ఆ బాధ శమించెను. అచ్చటనే అచలేశ్వరుని ఆలయము వెలసినది. మరియొకనాడు ఆ ప్రాంతముననే నుదుట తెల్లని మచ్చగల కుందేలొకటి రాజుగారి వేటకుక్కను తరుముట ఆయన కంటబడెను. కుందేలు పెద్ద చుట్టు తిరిగి, తుదకు కుక్కచే చంపబడెను. అది వీరభూమి యని తలచి, రాణి సలహాపై, కుందేలు పరుగెత్తిన జాడవెంటనే కోటగోడకు పునాదులు వేయించిరట.

విజయనగర స్థాపనగాథ నెరిగిన తెలుగువారికి ఈ కుందేలు క్రొత్తది కాదు. తుంగభద్రాతీరమున హరిహర బుక్కరాయలు చూచినదియు ఇట్టి కుందేలే. ఇట్టి గాథలను చరిత్రగా గ్రహింపరాదు. అయినను చాందాగాథను పెద్దలు చెప్పగా విని, లూసీ స్మిత్ అను ఆంగ్లోద్యోగి 1869లో తన భూమిశిస్తు నివేదికలో వ్రాసియుంచుట మనకు మేలైనది. గోడ తిన్నగా పోక వంకరలు తిరుగుటకు నదుల ఒడ్డులు, నేల ఎత్తుపల్లములు కారణమని నడచువానికి తోచును. కథ చెప్పిన కారణమును, నేల చెప్పు కారణమును పోల్చిచూచుటయే ఈ నడకలోని రుచి.

కోటకు నాలుగు ద్వారములు: జట్పురా, అచలేశ్వర, పఠాన్‌పురా, బిన్‌బా. ఇవిగాక ఖిడికీలనబడు చిన్న ద్వారములు ఐదు. మసాన్ ఖిడికీ అను పేరే అది శ్మశానమునకు దారియని చెప్పును. ద్వారములమీద ఏనుగును అణచు సింహము చెక్కబడియున్నది. అది గోండురాజుల చిహ్నము.

ఉత్తరమున జట్పురా ద్వారముకడ బయలుదేరి తూర్పువైపు తిరిగినచో, గోడ లోపల రామాళా చెరువు, పిదప అచలేశ్వరాలయము, దాని చెంత గోండురాజుల సమాధులు వచ్చును. వానిలో పెద్దది బీరశాహ సమాధి. భర్త హత్య గావింపబడిన పిమ్మట రాణి హీరాయి 18వ శతాబ్దారంభమున దానిని కట్టించెను. భార్యకై భర్త కట్టించిన సమాధిని లోకమంతయు ఎరుగును. భర్తకై భార్య కట్టించిన దీనిని మన ఊరిలోనే అనేకులు చూడలేదు. ద్వారము వెలుపల ఝర్పట్ ఒడ్డున మహాకాళి గుడి కలదు. చైత్రయాత్రకు నాందేడు, ఆదిలాబాదు ప్రాంతములనుండి జనులు తరలివత్తురు. ఆ దినములలో అచ్చట మరాఠీతోపాటు తెలుగును వినబడును.

గోడను విడచి కొంతదూరము ఆగ్నేయముగా పోయినచో లాల్‌పేట. అచ్చట బయట పడియున్న బ్రహ్మాండమైన ఏకశిలావిగ్రహములను తెలుగువాడు తప్పక చూడవలెను. వానిలో పదితలల దుర్గ ఇరువది యడుగులకు మించినది. జనులు దానిని రావణుడని పొరబడుటయు కలదు. రాయప్ప యను ధనికుడగు కోమటి గొప్ప శివాలయమును కట్టదలచి వీనిని చెక్కించెననియు, గుడి లేవకమునుపే మరణించెననియు స్థలచరిత్ర. కోమటి యనగా మనవాడే. రైలు రాకపూర్వమే, గోండురాజుల కాలముననే, తెలుగువాడు ఇచ్చట స్థిరపడి, ఈ నేలను తనదిగా నెంచి దేవళము కట్టబూనెనని ఆ రాళ్ళు సాక్ష్యమిచ్చుచున్నవి.

తిరిగి గోడను చేరి దక్షిణముగా సాగినచో పఠాన్‌పురా ద్వారము. 1818 మే నెలలో ఆంగ్లసేన ఫిరంగులతో గోడను బ్రద్దలుకొట్టి కోటను పట్టుకొనెను. కిల్లేదారు గంగాసింగు పోరాడి మడిసెను. శత్రువుకంటె గోడ ఎక్కువసార్లు ఎదుర్కొన్నది నదీజలమును. 2013లోను, 2022లోను ఇరయీ పొంగి పల్లపుపేటలను ముంచినది. నదివైపు గోడను అంత బలముగా ఏల కట్టిరో అట్టి దినములలో తెలియగలదు.

1929లో కాజీపేట బల్లార్షా రైలుమార్గము పూర్తియైన పిదప, బొగ్గుగనుల పనికిని, రైల్వే పనికిని వచ్చిన తెలుగువారు అనేకులు. 1982లో గడ్చిరోలి వేరు జిల్లా యగువరకు తెలుగు మాటలాడు సిరొంచా ఈ జిల్లాలోనిదే. అయినను మనలో పలువురు తరములు గడచినను ఇచ్చట బాటసారులమన్నట్లే మెలగుచుందురు. ఊరి చరిత్ర మరాఠీవారిదో, గోండులదో యని ఊరకుందురు.

గోడమీద పిచ్చిమొక్కలు మొలచినవి. ప్రక్కన ఇండ్లు ఆనుకొన్నవి. ఝర్పట్‌ను గుర్రపుడెక్క కమ్మినది. 2017లో ఎకో-ప్రో అను స్థానికసంస్థ యువకులు రెండువందల దినములు ఎడతెగక గోడను శుభ్రపరచిరి. ఆ సంవత్సరము అక్టోబరు రేడియో ప్రసంగములో ప్రధానమంత్రి దానిని ప్రశంసించిరి. వారు చేసినది చేతులతో చేయు పని. మనము చేయదగినది కాళ్ళతో చేయు పని. ఇచ్చటి ఎండలు లోకప్రసిద్ధములు గనుక కార్తీకమునుండి మాఘమువరకు ప్రాతఃకాలములు దీనికి అనువైనవి. పిల్లలను వెంటబెట్టుకొని, దారిలో ఒక్కొక్క ద్వారము పేరు చెప్పుచు నడచినచో చాలును. నడచువారున్న గోడనుండి రాళ్ళు తీసికొనిపోవుటకు ఎవడైనను జంకును.