శ్రీశైలం నడకదారి

శ్రీశైలం నడకదారి నల్లమల అడవులలో, నంద్యాల జిల్లా ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం నుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైల క్షేత్రాన్ని చేరే ప్రాచీనమైన కాలిబాట. నిటారైన కొండవాలు, దానిపై మెట్లు, కొండల నడుమ ఒక చెరువు, ఆ తరువాత లోతైన లోయ ఈ దారిలో వరుసగా ఎదురవుతాయి. మహాశివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు నేటికీ ఈ దారిన నడిచి వెళతారు.

మార్కాపురం, అర్ధవీడు, కంభం ప్రాంతాలవారికి పడమటి దిక్కున గోడవలె కనిపించే నల్లమలకు ఇది అవతలి వైపున ఉన్నది. ఈ తూర్పు ప్రాంతాలవారు సాధారణంగా దోర్నాల మీదుగా ఘాటు రోడ్డున పోయి, ముందుగా శిఖరేశ్వరం వద్ద శిఖర దర్శనం చేసుకుంటారు. నడకదారిన వచ్చేవారికి క్షేత్రప్రవేశం కైలాసద్వారం వద్ద జరుగుతుంది.

== కొండల స్వరూపం ==

నల్లమల కొండలు ఉత్తర దక్షిణాలుగా, ఒకదాని వెనుక ఒకటి వరుసలు తీరి ఉంటాయి. ఇవి కడప శిలాసముదాయానికి చెందినవి. గట్టిదైన క్వార్ట్‌జైటు రాయి గట్లుగా నిలిచిపోగా, మెత్తని పలకరాయి అరిగి లోయలైనది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ పలకరాతి పొరలకు కంభం పేరే పెట్టారు. క్వార్ట్‌జైటు పొరలకు పెట్టిన బైరేనికొండ పేరు కూడా కంభానికి వాయవ్యాన ఉన్న కొండదే. గుండ్లబ్రహ్మేశ్వరం కూడా ఆ దిక్కుననే ఉన్నది. ఆ అడవులలో పుట్టిన గుండ్లకమ్మ నీరే కంభం చెరువును నింపుతున్నది.

ఈ గట్లూ లోయల అమరిక వలననే నడకదారి ఒక్క ఎక్కుడుతో ముగియదు. ఎక్కిన ఎత్తును భీముని కొలను వద్ద చాలావరకు పోగొట్టుకొని మరల ఎక్కవలసి వస్తుంది. కొత్తగా వచ్చిన యాత్రికులు బలమంతా మొదటి కొండమీదనే ఖర్చు చేసి రెండవ కొండ దగ్గర కూలబడటానికి కారణం ఇదే.

== దారి ==

వెంకటాపురం నుండి నాగలూటి వరకు దారి ఇంచుమించు చదునుగా ఉంటుంది. నాగలూటిలో పురాతనమైన వీరభద్రస్వామి ఆలయం, కోనేరు ఉన్నాయి. వెనుకటి యాత్రికులకు ఇది మొదటి మజిలీ. ఇక్కడి నుండి కొండ ఎక్కుడు మొదలవుతుంది. పెద్ద పెద్ద రాతిబండలతో పేర్చిన మెట్లు వాలు వెంబడి మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. చాలాచోట్ల ఇవి అరిగి, కదలిపోయి ఉన్నందున చూసి అడుగు వేయాలి.

గట్టు మీదికి చేరిన తరువాత వెనుదిరిగి చూస్తే కర్నూలు వైపు మైదానమూ, ముందుకు చూస్తే వరుస వెనుక వరుసగా నీలికొండలూ కనిపిస్తాయి. శివరాత్రి నాటికి అడవి ఆకురాల్చి ఉండటం వలన చూపు చాలా దూరం సాగుతుంది. అప్పుడు మోదుగుపూలు విరగబూసి ఉంటాయి. వర్షాకాలంలో ఇదే అడవి చీకటిగా మూసుకొనిపోతుంది.

గట్టు దాటాక వచ్చేది పెచ్చెరువు. పెద్ద చెరువు అనే మాటే వాడుకలో ఇలా మారినది. చుట్టూ కొండలు, మధ్య నీరు, సమీపంలో చెంచుగూడెం. ఇంత ఎత్తున, ఇంత అడవిలో ఈ చెరువు లేకపోతే ఈ దారియే ఉండేది కాదేమో! ఎండకాలపు యాత్రికునికి, అడవి జంతువుకు కూడా ఇదే ఆధారం. ఎక్కువమంది యాత్రికులు రాత్రి ఇక్కడే విడిది చేస్తారు.

పెచ్చెరువు తరువాత కొంత మేర సుళువుగా నడిచాక నేల ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. అడుగున ఉన్నదే భీముని కొలను. ద్రౌపది దాహం తీర్చడానికి భీముడు గదతో కొట్టి నీరు తెప్పించాడని స్థలపురాణం. ఇరుప్రక్కల నిలువుగా కొండచరియలు ఉంటాయి. అక్కడి నుండి కైలాసద్వారం వరకు ఉన్న మెట్లు మొత్తం దారిలో అతి కష్టమైనవి. వీటిని ఎక్కేటప్పుడు భక్తులు మల్లన్నను ఎలుగెత్తి పిలుస్తారు. ఆ కేక లోయలో మారుమ్రోగుతుంది. కైలాసద్వారం తరువాత హాటకేశ్వరం మీదుగా శ్రీశైలం వరకు దారి సుగమం.

== చరిత్ర ==

శ్రీశైల యాత్రికుల ప్రయాణాన్ని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో విస్తారంగా వర్ణించాడు. అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి (14వ శతాబ్దం) శ్రీశైల, అహోబిల క్షేత్రాలకు మెట్లు కట్టించినట్లు ప్రసిద్ధి. ఈ దారిలోని మెట్లను కూడా రెడ్డిరాజుల కాలానివిగానే స్థానికులు చెప్పుకుంటారు. ఆ వంశంవాడైన అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపాన్ని నిర్మించాడు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుండి కాశీకి పోతూ ఆత్మకూరు మీదుగా ఈ దారిననే శ్రీశైలం వెళ్ళివచ్చాడు. కాశీయాత్ర చరిత్రలో (ముద్రణ 1838) ఆయన మజిలీలను, మెట్లను, యాత్రికుల వద్ద కర్నూలు నవాబు పన్ను వసూలు చేయడాన్ని వ్రాశాడు. పుణ్యక్షేత్రాల మాహాత్మ్యంతో సరిపెట్టక, సామాను మోసే మనుషుల సంగతి, నీటి వసతి సంగతి కూడా పట్టించుకున్న రచయిత కనుక, ఈ దారిని గురించి తెలుసుకోగోరే విద్యార్థులు మొదట చదవవలసిన గ్రంథం అదే. 1839లో ఆంగ్లేయులు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించారు.

ఘాటు రోడ్లు వచ్చిన తరువాత నడకదారికి ప్రాధాన్యం తగ్గింది. అయినప్పటికీ కర్ణాటక భక్తులు దీనిని విడిచిపెట్టలేదు. భ్రమరాంబను తమ ఆడపడుచుగా, మల్లికార్జునుని అల్లునిగా భావించి, ఉగాదికి బళ్ళారి, రాయచూరు మొదలైన ప్రాంతాల నుండి రోజుల తరబడి నడిచి వస్తారు. మరకాళ్ళు కట్టుకొని నడిచేవారూ వారిలో ఉన్నారు.

== అడవి, చెంచులు, యాత్రికులు ==

ఈ దారి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉన్నది. 1983లో ప్రకటింపబడిన ఈ అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. అందువలన పండుగ రోజులలో తప్ప అటవీశాఖ అనుమతి లేకుండా ఈ దారిన పోరాదు. యాత్రాకాలంలో నీరు, వైద్య శిబిరాలు ఏర్పాటు చేస్తారు. తాగునీటి ప్లాస్టిక్ సీసాలు, పొట్లాలు దారి వెంట పేరుకొనడం ప్రతి ఏటా ఎదురయ్యే సమస్య. ఎండుటాకుల అడవి కనుక వంటకు వెలిగించిన పొయ్యి ఆర్పకుండా వదలడం అంతకన్నా ప్రమాదకరం.

చెంచులు మల్లికార్జునుని చెంచుమల్లయ్య అంటారు. తమ ఆడబిడ్డను పెళ్ళాడినవాడని వారి కథ. కన్నడిగులకూ చెంచులకూ ఆయన అల్లుడే కావడం గమనించదగినది. రోడ్లు లేని కాలంలో యాత్రికులకు దారి చూపినవారు, నడవలేనివారిని డోలీలో మోసినవారు చెంచులే. దారి తప్పినవారిని వెదకడానికి నేటికీ వారి సాయమే కావాలి. పులులను కాపాడాలనే నియమాలు, యాత్రికుల రద్దీ రెండూ చెంచుల జీవనం మీదనే పడుతున్నాయి. యాత్రను గురించి వ్రాసేవారు ఈ విషయాన్ని తరచు విస్మరిస్తారు.

నడవదలచినవారు చీకటి ఉండగానే నాగలూటి ఎక్కుడు మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే పెచ్చెరువు చేరుకోవడం మంచిది. భీముని కొలను మెట్లకు తగినంత నీరు ముందుగానే వెంట ఉంచుకోవాలి. చీకటి పడిన తరువాత గుంపు విడిచి నడవకూడదు.