కాయిల్‌కు మంచు పట్టడం: పుట్టుపూర్వోత్తరాలు

ఏసీ, ఫ్రిజ్, హీట్ పంప్ పేర్లు వేరైనా యంత్రం ఒకటే. ఒకచోటి వేడిని పీల్చి ఇంకోచోట వదలడమే మూడింటి పని. వేడిని పీల్చే చోట ఒక చల్లని కాయిల్ ఉంటుంది. దాని మీదుగా పోయే గాలిలోని తేమ కాయిల్‌పై చెమ్మగా దిగుతుంది. కాయిల్ సున్నా డిగ్రీల కంటే చల్లబడితే ఆ చెమ్మ జారిపోకుండా అక్కడే మంచై అతుక్కుంటుంది. చలిదేశాల్లో ఈ మంచు ఇంటి బయటుండే హీట్ పంప్‌కు పడుతుంది. నల్లగొండ, పాలమూరు ఇళ్లలోనైతే వంటింటి ఫ్రీజర్‌కూ, గోడ మీది ఏసీకీ పడుతుంది.

ఈ మెట్ట ప్రాంతానికి యంత్రాలు రాకముందు చల్లదనం మట్టి నుంచి, నీటి నుంచి వచ్చేది. ఎండకాలం ఇసుక పోసి నిలబెట్టిన రంజన్, తడిపి వేలాడదీసిన వట్టివేళ్ల తడికె, ఆ తర్వాతి కాలపు కూలర్, అన్నిటిలోనూ నీరు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని తీసుకుపోతుంది. ముదిరిన ఎండల్లో 44, 45 డిగ్రీలు కాసే పొడిగాలికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. అయితే దానికో హద్దుంది. గాలిలో ఎంత తేమ ఉందో దాన్నిబట్టి ఒక మట్టం వరకే నీరు చల్లబడుతుంది. అందుకే ఎంత ఎండకైనా రంజన్‌లో నీళ్లు చల్లగానే ఉంటాయి, గడ్డ మాత్రం కట్టవు.

మంచు కావాలంటే వేరే దారి చూడాలి. ఉత్తరాదిన అలహాబాదు పరిసరాల్లో చలికాలపు నిర్మలమైన రాత్రుళ్లు, గడ్డి పరిచిన గుంటల్లో మట్టి మూకుళ్లు పెట్టి, కాసిని నీళ్లు పోసి, తెల్లవారేసరికి పలుచని మంచు తీసేవాళ్లు. సర్ రాబర్ట్ బార్కర్ 1775లో ఈ పనితనాన్ని వివరంగా రాశాడు. తీరప్రాంతాలకు మంచు ఓడల్లో దిగింది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన మంచుగడ్డలు 1833లో కలకత్తా చేరాయి. 1842లో మద్రాసు సముద్రతీరాన ఐస్ హౌస్ లేచింది. ఆ రోజుల్లో మంచు అపురూపమైన సరుకు. యంత్రం లోపల అదే మంచు అడ్డమవుతుందని అప్పటికి ఎవరికీ పట్టలేదు.

ఆవిరయ్యే ద్రవం వేడిని లాక్కుంటుందన్న సంగతిని స్కాట్లాండ్ వైద్యాచార్యుడు విలియం కల్లెన్ 1756లో వ్యాసంగా వెలువరించాడు. ఆవిరైన ద్రవాన్ని వదిలేయకుండా మళ్లీ నొక్కి, ద్రవంగా మార్చి, అదే చుట్టులో తిప్పే యంత్రానికి జేకబ్ పెర్కిన్స్ 1834లో లండన్‌లో పేటెంట్ పొందాడు. నేటి ఫ్రిజ్‌కు, ఏసీకి మూలపురుషుడు ఆ యంత్రమే. దాన్ని తిరగేసి వాడితే చల్లటి బయటిగాలి నుంచి కూడా వేడి తీసి ఇంటిని వెచ్చబెట్టవచ్చని 1852లో విలియం థామ్సన్, అంటే తర్వాత లార్డ్ కెల్విన్ అయిన శాస్త్రవేత్త, చెప్పాడు. ఆ దశాబ్దంలోనే ఆస్ట్రియాలో పీటర్ ఫాన్ రిట్టింగర్ ఎబెన్‌జే ఉప్పు కర్మాగారంలో ఉప్పునీటిని ఇంకించడానికి హీట్ పంప్ నిలబెట్టాడు. 1938లో జ్యూరిక్ నగర భవనాన్ని వెచ్చబెట్టిన హీట్ పంప్ పక్కనున్న లిమ్మాట్ నది నీటి నుంచి వేడి తీసుకుంది. పారే నదీజలం నుంచి వేడి తీస్తే కాయిల్‌కు గాలి తేమ తగిలే పనే లేదు. నది పక్కన లేని మామూలు ఇళ్లకు దొరికేది గాలి ఒక్కటే. హీట్ పంప్ గాలి మీద ఆధారపడ్డ రోజు నుంచే మంచు బెడద మొదలైంది.

మంచు వల్ల నష్టం రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది, కాయిల్ రెక్కల అల్యూమినియంతో పోలిస్తే గడ్డకట్టిన మంచు వేడిని సుమారు వంద రెట్లు తక్కువగా పోనిస్తుంది. గాలి బుడగలు నిండిన నూగు మంచు ఇంకా అధ్వాన్నం. రెండోది, ఆ రెక్కల మధ్య సందులు మూసుకుపోయి గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే కాయిల్‌కు వేడి అందక ఇంకా చల్లబడుతుంది, ఇంకా చల్లబడితే ఇంకా మంచు పడుతుంది. ఒకసారి మొదలైతే తనను తానే పెంచుకుంటూ పోయే రోగం ఇది.

చలిదేశాల హీట్ పంప్ దీనికి కనిపెట్టిన మందు భలే తెలివైనది. లోపల ఉండే ఒక వాల్వ్ వేడిని మోసే గ్యాస్ దారిని కాసేపు తిప్పేస్తుంది. అప్పటిదాకా ఇంటికి వెళుతున్న వేడి బయటి కాయిల్‌కు మళ్లుతుంది, బయటి ఫ్యాన్ ఆగుతుంది, కొన్ని నిమిషాల్లో మంచు కరిగి కారిపోతుంది. పాతవాటిలో గడియారం చూసి ఈ పని జరిగేది, కొత్తవాటిలో సెన్సర్ చూసి జరుగుతుంది. అట్లాంటా, షార్లెట్ వంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ యంత్రం రోజువారీ వస్తువు. మొదటి చలికాలంలో పెట్టె మీదుగా తెల్లటి పొగ లేచి, బుస్సుమని చప్పుడొస్తే కాలిపోతోందేమోనని కంగారు పడతారు. అది కరిగిన మంచు వదిలే ఆవిరి మాత్రమే. నూగులా పలచగా పట్టి గంటా రెండు గంటల్లో పోయే మంచు సహజం. పెట్టె మొత్తం గడ్డలో కూరుకుపోయిందంటే మాత్రం సెన్సర్‌లోనో, వాల్వ్‌లోనో, ఫ్యాన్‌లోనో లోపం ఉన్నట్టు, లేదా గ్యాస్ తగ్గినట్టు. కప్పు అంచు నుంచి నీళ్లు పెట్టె మీద పడకుండా, కరిగిన నీరు అడుగునే నిలిచి మళ్లీ గడ్డకట్టకుండా, ఎత్తైన స్టాండు మీద పెట్టి చుట్టూ జాగా వదలడం అక్కడి ముందుజాగ్రత్త. ఇక్కడ పాలమూరులో చలికాలపు రాత్రి సాధారణంగా 15 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది కాబట్టి వేడికీ చలికీ పనికొచ్చే ఏసీ కొన్నవాళ్లకు కూడా బయటి పెట్టె గడ్డకట్టే భయం పెద్దగా లేదు.

ఇక్కడి కథ ఫ్రిజ్‌తో మొదలవుతుంది. 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి నెలకొల్పిన హైదరాబాద్ ఆల్విన్ ఆ తర్వాతి దశాబ్దాల్లో బస్సు బాడీలు, గడియారాలతో పాటు ఫ్రిజ్‌లూ చేసింది. తెలంగాణ జిల్లాల్లో ఎన్నో మధ్యతరగతి ఇళ్లకు ఫ్రిజ్ అంటే ఆల్విన్. 1958లో గోద్రెజ్ ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. 1990ల్లో ఆల్విన్ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి వెళ్లింది.

ఆ రోజుల ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఫ్రీజర్ డబ్బానే కాయిల్. రెండు అల్యూమినియం రేకులను అతికించి, మధ్యలో కాలువలు ఉబ్బించి చేసిన పెట్టె అది. తలుపు తెరిచినప్పుడల్లా దూరిన తేమంతా దాని గోడలకే పడుతుంది. దాన్ని వదిలించేది ఉష్ణోగ్రత తిప్పే మీట నడిమధ్యన ఉండే చిన్న బటన్. నొక్కితే కంప్రెసర్‌కు కరెంటు ఆగుతుంది. మీట వెనక నుంచి సన్నని గొట్టమొకటి వెళ్లి ఫ్రీజర్ గోడను తాకుతూ ఉంటుంది, దాని లోపల కాస్త వాయువు ఉంటుంది. మంచంతా కరిగి గోడ సున్నాకు కొన్ని డిగ్రీలు పైకి రాగానే ఆ వాయువు వ్యాకోచించి బటన్‌ను తనంతట బయటికి తోస్తుంది, ఫ్రిజ్ మళ్లీ నడుస్తుంది. కరిగిన నీరు వెనక ట్రేలోకి జారి కంప్రెసర్ వేడికి ఆవిరైపోతుంది. చిప్పు లేదు, మోటారు లేదు. ఇంత తక్కువ సరంజామాతో ఇంత నిక్కచ్చిగా పనిచేసే ఏర్పాటు ఇంట్లో ఇంకోటి కనపడదు. మంచు అరసెంటీమీటరు మందం కాకముందే రాత్రి పడుకునే ముందు దాన్ని నొక్కితే చాలు. నొక్కడం మరిచి, ఐస్ ట్రే ఊడదీయడానికి చాకో, స్క్రూడ్రైవరో పెట్టి పొడిస్తే రేకుకు చిల్లు పడి గ్యాస్ పోతుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లు ఇలా పాడవడం మెకానిక్‌లకు కొత్త కాదు.

కరెంటు కోతలు ఎక్కువున్న కాలంలో ఈ బెడద ఇంకో రూపం తీసుకుంది. నూగు మంచు సగం కరిగి, కరెంటు రాగానే గాజులాంటి గట్టి గడ్డగా మారేది. అది నూగు మంచులా సులువుగా ఊడిరాదు.

రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ వచ్చాక బటన్ పోయింది కానీ మంచు పోలేదు, వెనక గోడ చాటుకు వెళ్లింది, అంతే. అక్కడి కాయిల్ కింద ఒక హీటర్ ఉంటుంది. రోజుకు రెండు మూడు సార్లు అది వెలిగి మంచును కరిగిస్తుంది. హీటర్ కాలిపోయినా, దాన్ని నడిపే థర్మోస్టాట్ చెడినా మంచు గాలిదారిని మూసేస్తుంది. అప్పుడు పైన ఐస్‌క్రీం గట్టిగానే ఉంటుంది, కింద పాలు విరిగిపోతాయి. ఈ గుర్తు కనిపిస్తే గ్యాస్ కన్నా ముందు హీటర్‌ను చూడాలి. ఫ్రీజర్ అడుగున నీరు గడ్డకట్టి పలకలా కనిపిస్తే డ్రెయిన్ రంధ్రం పూడినట్టు. తలుపు రబ్బరు సంగతి తేల్చడానికి మధ్యలో కరెన్సీ నోటు పెట్టి తలుపు మూసి లాగితే సరి. బిగువు లేకుండా వచ్చేస్తే రబ్బరు వదులైంది, తేమ లోపలికి వస్తోంది.

మంచు ఎప్పుడూ శత్రువే అనుకోనక్కర లేదు. పాల శీతలీకరణ కేంద్రాల్లో ఐస్ బ్యాంక్ తొట్లుంటాయి. కరెంటు ఉన్న గంటల్లో నీటిలో మునిగిన కాయిల్స్ చుట్టూ కావాలనే మంచు కట్టించి, పాలు వచ్చే వేళకు ఆ మంచు తగిలిన నీటితో పాలను చల్లబరుస్తారు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. దాచుకున్న చల్లదనమంటే అదే.

ఏసీ దగ్గర లెక్క వేరు. 24 డిగ్రీల గదిలో తేమ సగమున్నప్పుడు 13 డిగ్రీల దగ్గరే గాలి నుంచి నీరు విడుతుంది. సరిగ్గా నడిచే ఏసీ కాయిల్ సున్నా దాకా దిగదు, నీటినే కారుస్తుంది. అది గడ్డకట్టిందంటే గాలి చాలడం లేదు, లేదా గ్యాస్ తగ్గింది. ఎర్రచెలకల దుమ్ము, మిర్యాలగూడ రైసుమిల్లుల దగ్గరి ఊక పొడి ఫిల్టర్‌ను త్వరగా కప్పేస్తాయి. ఇలాంటి చోట ఎండకాలంలో పదిహేను రోజులకొకసారి ఫిల్టర్ కడగాలి. వానకాలంలో ఇంకో కారణం తోడవుతుంది. బయట చల్లబడి, గాలి తేమగా ఉన్న రాత్రి 16, 18 డిగ్రీల మీద తెల్లవార్లూ నడిపితే బయటి పెట్టెలో ఒత్తిడి పడిపోయి లోపలి కాయిల్ సున్నా దాటి దిగుతుంది. అంకె తగ్గిస్తే గది తొందరగా చల్లబడదు. స్టార్ లేబుల్ ఏసీలు 2020 జనవరి 1 నుంచి 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా వస్తున్నాయి. అది వదిలేయవలసిన అంకె కాదు.

బయటి పెట్టె దగ్గరి రెండు రాగి గొట్టాలు చూస్తే లోపం ఎటుందో కొంత తెలుస్తుంది. సన్న గొట్టం మీద తెల్లటి నూగు పడితే గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. లోపలి కాయిల్ అంతటా గడ్డకట్టి, లావు గొట్టం దాకా మంచు పాకితే ముందు ఫిల్టర్, బ్లోయర్ చూడాలి. కాయిల్‌కు తగిలించిన సెన్సర్ క్లిప్పు నుంచి జారినా సున్నాకు చేరినట్టు యంత్రానికి తెలియదు. ఏది కారణమైనా చేయవలసిన మొదటి పని ఒకటే: కూలింగ్ ఆపి, ఫ్యాన్ మాత్రం తిప్పుతూ, కింద బకెట్ పెట్టి రెండు మూడు గంటలు ఆగడం. గడ్డతోనే నడిపిస్తే ద్రవం ఆవిరవకుండానే వెనక్కి వెళ్లి కంప్రెసర్‌ను దెబ్బతీస్తుంది. మంచు పూర్తిగా కరగకముందు గ్యాస్ కొలిచినా ఆ కొలత తప్పే.

ఏటా గ్యాస్ పట్టించాలన్న మాట ఊళ్లలో పాతుకుపోయింది. గ్యాస్ పెట్రోలు లాగ ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. గ్యాస్ పట్టాలని మెకానిక్ చెబితే ముందు సబ్బు నురుగుతో లీకు చూపించమనండి, దాన్ని అతికించి, గొట్టాల్లో గాలిని వాక్యూమ్ పంపుతో తీసేసి, పెట్టె మీది పట్టీలో రాసినంత గ్యాస్‌ను తూకం వేసి నింపమనండి.