పుట్టపర్తిలో ఆక్వా కాల్దా

మా నాయన శెనక్కాయల లెక్కలు రాసుకున్న పొడుగు పుస్తకం చివరి పేజీల్లో తెలుగు అక్షరాల్లో ఇటాలియన్ ఉంటుంది. 'ఆక్వా కాల్దా – వేడినీళ్ళు. కియావె – బీగంచెవి. క్వాంతి జోర్ని? – ఎన్నాళ్ళు ఉంటారు?' రండి, కూర్చోండి అనే 'బెన్వెనూతి' వీటన్నిటి కింద ఎక్కడో ఉంది. అనంతపురం మనిషికి నీళ్ళ సంగతి తేలాకే మర్యాదలు. నైరుతి మేఘం పడమటి కనుమలు దిగేసరికే వట్టిపోతుంది, ఈశాన్యం మా దాకా వచ్చేది అంతంతమాత్రమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. అందుకే 'దొమాని', అంటే రేపు, అన్న మాట మా వాళ్ళ నోట బాగా నలిగింది.

మా ఊళ్ళో సత్యసాయి బాబా ఆశ్రమం, ప్రశాంతి నిలయం, 1950 నవంబరు 23న మొదలైంది. ఇటలీ జనం గుంపులుగా రావడం ఆ తర్వాత చాలా కాలానికి, 1980, 90ల్లో. 1983 నుంచి 87 దాకా ఇటలీ ప్రధానిగా ఉన్న బెట్టినో క్రాక్సీ తమ్ముడు అంతోనియో బాబా భక్తుడు. అక్కడ బాబా పేరు పాకడానికి ఆయనా ఒక కారణమే. 2000లో మా ఊరికి రైల్వే స్టేషన్ వచ్చేదాకా రైలెక్కినవాళ్ళు ధర్మవరంలో దిగేవారు. ఎక్కువమంది బెంగళూరు నుంచి ట్యాక్సీల్లో వచ్చేవారు, మెడలో ఒకే రంగు స్కార్ఫులతో. నవంబరులో బాబా పుట్టినరోజుకూ క్రిస్మస్‌కూ ఆశ్రమం గదులు నిండిపోతే మిగిలినవాళ్ళు మా వీధుల్లోకి వచ్చేవారు. పంట ఎండిన ఏడు మా నాయన మిద్దె మీద గదులు వేసింది వీళ్ళ కోసమే.

ఇటాలియన్‌కు బడి లేదు, పంతులు లేడు. తెల్లబట్టలు కుట్టే దర్జీలు ముందు నేర్చారు, కొలతలు తీసుకోవాలి గదా. కాశ్మీరు నుంచి వచ్చి శాలువలమ్మేవాళ్ళు బేరమంతా ఇటాలియన్‌లోనే ఆడేవారు. మాకు మాత్రం మన లిపి కలిసొచ్చింది. పొట్టి ఎ, పొట్టి ఒ మనకున్నాయి, వత్తులూ ఉన్నాయి. 'బ్వొననొత్తె' అని విన్నది విన్నట్టు రాసుకుంటే చాలు, మళ్ళీ చదివినా అదే పలుకుతుంది. ఇంగ్లీషును ఇట్లా పట్టుకోవడం మా తరానికి సాధ్యం కాలేదు, ఎవరేమన్నా సరే. పెద్దవాళ్ళకు 'కోమె స్తా', పిల్లలకు 'కోమె స్తాయ్' అనాలని చెబితే మా అమ్మ ఒక్కసారికే పట్టేసింది. మీరు, నువ్వు తేడా ఆమెకు కొత్తా?

విదేశీయుడు దిగితే 24 గంటల్లో ఆ వివరాలతో పోలీసులకు సి-ఫారం పంపాల్సి వచ్చేది. పాస్‌పోర్టు చూసి ఆ పేర్లు రాసే పని నాది. డబ్బు లెక్క ఇంకో తమాషా. 90ల చివర వెయ్యి లీరాలంటే పాతిక రూపాయల లోపే. అద్దె లక్షల్లో చెబుతుంటే నాయన మురిసిపోయేవాడు. 2002లో యూరో నోట్లు రాగానే ఆ లక్షాధికారం పోయింది.

2011 ఏప్రిల్ 24న బాబా పోయాక గదులు ఖాళీ పడ్డాయి. గుంపులు పలచబడ్డాయి గానీ రావడం మానలేదు. ఇక్కడే ఉండిపోయిన ఒక ఇటలీ ముసలమ్మ మా వీధిలో కూరగాయలు బేరమాడుతుంది. నేను బోన్‌జోర్నో అంటే ఆమె తెలుగులోనే అందుకుంటుంది: "ఏం నాయనా, మోటరు మళ్ళా కాలిందా?"