నవ్వుపాటల తరఫున నాలుగు మాటలు

బీటిల్స్ అభిమానుల్లో ఒక వర్గం ఉంది. 'ఎలినార్ రిగ్బీ' అనగానే చేతులు జోడిస్తారు. 'ఎల్లో సబ్‌మెరైన్' అనగానే మొహం చిట్లిస్తారు. అంతటివాళ్ళకి ఈ పిల్లకాయల పాటలెందుకని వారి బాధ. అడక్కపోయినా ఆ పాటల తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను.

ముందు ఒక సంగతి. ఆ రెండు పాటలూ 1966 ఆగస్టు 5న ఒకే రికార్డుకి చెరో వైపునా వెలువడ్డాయి. ఒక వైపు దిక్కులేనివాళ్ళ ఒంటరితనం, రెండో వైపు సముద్రం అడుగున సంబరం. ఆ రికార్డు బ్రిటన్‌లో మొదటి స్థానానికెక్కింది. ఆనాడు జంటగా వచ్చినవాటిని మనమెందుకు విడదీయాలి?

ఈ హాస్యం గాలివాటున వచ్చింది కాదు. వారి నిర్మాత జార్జ్ మార్టిన్ బీటిల్స్‌ని చేరదీయకముందే పార్లోఫోన్ కంపెనీలో పీటర్ సెల్లర్స్ వంటి హాస్యనటుల రికార్డులు తయారుచేసినవాడు. అదే సెల్లర్స్, స్పైక్ మిలిగన్ ప్రభృతులు 1950లలో బి.బి.సి. రేడియోలో నడిపిన 'గూన్ షో' వింటూ పెరిగినవాడు జాన్ లెనన్. వింత వింత చప్పుళ్ళతో నవ్వించడం ఆ కార్యక్రమం సొత్తు. 'ఎల్లో సబ్‌మెరైన్' కోసం వీళ్ళూ స్టూడియోలో తొట్టెడు నీళ్ళలో గొలుసులు తిప్పారు, గొట్టంతో బుడగలు ఊదారు. మరుసటి ఏడు 'సార్జెంట్ పెప్పర్' ఆల్బంలో అందరూ మెచ్చిన ధ్వని ప్రయోగాలకీ, ఈ ఆటకీ చుట్టరికం ఉందని నా నమ్మకం.

నవ్వుపాట వెనక నవ్వే ఉండాలని లేదు. 1968 ఆగస్టులో రింగో స్టార్ మనసు విరిగి బృందాన్ని వదిలి సార్డీనియా వెళ్ళాడు. అక్కడ సెల్లర్స్ పడవలో తిరుగుతుంటే, ఆక్టోపస్‌లు సముద్రం అడుగున రాళ్ళూ, మెరిసే వస్తువులూ ఏరుకొచ్చి తోటలా పేర్చుకుంటాయని పడవ నడిపే ఆయన చెప్పాడు. ఆ మాటలోంచి పుట్టిందే 1969లో 'ఆబీ రోడ్'లో చేరిన 'ఆక్టోపసెస్ గార్డెన్'. తగువుల్లేని చోటు కోసం ఒక మనిషి పడ్డ ఆరాటం అందులో నాకు వినిపిస్తుంది.

'ఆబ్లడీ ఆబ్లడా' లెనన్‌కే గిట్టలేదు కదా అంటారు. నిజమే. కానీ అతను విసుగెత్తి పియానో మీద దబదబా బాదిన బాదుడే ఆ పాటకి ప్రాణం పోసిందని కూడా చెప్పుకుంటారు.

తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తూండగా కేతిగాడూ బంగారక్కా వచ్చి అల్లరి చేస్తారు. వాళ్ళ వల్ల రాముడికి వచ్చిన లోటేమీ లేదు. తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు.