పట్టుకుపోయిన లైన్లు

గుంటూరు మిర్చి కమీషను దుకాణాలకు, ఒంగోలు వైపు పత్తి జిన్నింగు మిల్లులకు దూరప్రాంతాల బేరాలలో టెలిఫోనే ఆధారమైన రోజుల్లో, లైను తెగిపోవడం కంటె పట్టుకుపోవడమే, అంటే ఎవరూ మాట్లాడకపోయినా విడుదల కాకుండా బిగుసుకోవడమే, ఎక్కువ చికాకు పెట్టే లోపం. ఎందుకంటే తెగిన తీగ కంటికి కనబడుతుంది.

అమెరికాలో శవసంస్కారాల వ్యాపారం చేసిన ఆల్మన్ స్ట్రౌజర్‌కు 1891లో పేటెంటు తెచ్చిన, ఫోన్లను తానే కలిపే ఎక్స్ఛేంజి యంత్రాంగాన్ని, 1948లో బెంగళూరులో ఏర్పడిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ మన దేశంలోనూ తయారుచేసింది. అందులో పిలిచినవారు రిసీవరు పెట్టేసినప్పుడే మీటలు విడివడతాయి గనుక, పిలిచిన వ్యాపారి దాన్ని పక్కన పడేసి సరుకు చూడబోతే, అవతలి దుకాణపు లైను కూడా బందీ అయిపోయేది.

మరో కారణం చెమ్మ. రిసీవరు ఎత్తగానే రెండు రాగి తీగల మధ్య విద్యుత్ వలయం పూర్తయి ఎక్స్ఛేంజికి కబురందుతుంది; వానకు తడిసిన అతుకులో ఆ తీగలు కలిసినా ఎక్స్ఛేంజి దాన్ని ఎత్తిన ఫోనుగానే భ్రమిస్తుంది. అందువల్ల లైన్‌మన్ మొదట భవనంలోని తీగలను విప్పి చూసేవాడు: లోపం తొలగితే అది లోపలిది, నిలిచి ఉంటే వీధిది. ఈ పద్ధతి సాదాది.

తర్వాత వచ్చిన కార్యాలయపు సొంత ఎక్స్ఛేంజి, అంటే ఈపీఏబీఎక్స్, బయటివారు ఫోను పెట్టేసిన సంకేతాన్ని గుర్తించకపోతే, పాత చిక్కే ఎలక్ట్రానిక్ రూపంలో తిరిగి వచ్చేది.